‘గారూ’ అంటే కాటా నిక్కచ్చవుతుందా?

తెనాలి, పొన్నూరు, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పుట్టి, హైదరాబాదులోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో వ్యాపారంలో నిలదొక్కుకున్న పెద్దమనిషికి సన్మానం జరిగితే ఒక మాట తప్పకుండా వినబడుతుంది. ‘‘మా వైపు పెంపకమే నాకు పెట్టుబడి. పెద్దల్ని గారూ అనడం, గడప తొక్కినవాడికి మంచినీళ్ళివ్వడం, అన్న మాట మీద నిలబడడం ఇంట్లోనే నేర్చుకున్నాం. అందుకే జనం నమ్మారు.’’ చప్పట్లు, శాలువా, ఫొటో. ఈ మాట సభలు దాటి చాలా దూరం వచ్చింది. పెళ్ళి సంబంధాల దగ్గరా ఇదే, భాగస్వామ్యాల దగ్గరా ఇదే, ఇంట్లో కూర్చుని చీటీలు నడిపేవాళ్ళ దగ్గరా ఇదే. ‘‘మనవాడేనండీ, మంచి కుటుంబం’’ అన్నాక ఇంకో ప్రశ్న అడిగితే అడిగినవాడిదే తప్పు.

ఈ అభిప్రాయం పొరపాటుది. ఉత్త పొరపాటే అయితే సన్మానాల్లో చెల్లిపోయే అతిశయోక్తుల్లో ఇదొకటని వదిలేయవచ్చు. కానీ దీనికి మూల్యం చెల్లిస్తున్నవాళ్ళున్నారు, వాళ్ళు సాధారణంగా వేదిక మీద ఉండరు.

ముందు అవతలి వాదాన్ని దాని బలం తగ్గించకుండా చెప్పుకోవాలి. వాళ్ళనేది ఇది: కోర్టుకెళితే ఏళ్ళు పడుతుంది, ప్లీడరు ఫీజుకే సగం పోతుంది. అలాంటి చోట వ్యాపారం నడవాలంటే మనిషిని చూసి నమ్మక తప్పదు. మనిషి తీరు చిన్నప్పుడే ఏర్పడుతుంది. అప్పు తీర్చేదాకా నిద్రపోని తాతని చూసి పెరిగినవాడు అప్పు ఎగ్గొట్టడానికి జంకుతాడు. పైగా ఒకే ప్రాంతంవాళ్ళయితే మంచీచెడూ తెలుస్తుంది, మాట తప్పితే ఊళ్ళో తలెత్తుకోలేమన్న భయం ఉంటుంది. మర్యాద ఆ పెంపకానికి పైకి కనిపించే గుర్తు. ఇందులో ఒక్క వాక్యం కూడా వెర్రిమాట కాదు. అయినా మొత్తం కలిపితే వాళ్ళు చెప్పే ముగింపు రాదు. ఎందుకు రాదో చూద్దాం.

1. అంత నమ్మకముంటే ప్రోనోటు ఎందుకు?

మన ప్రాంతంలో డబ్బు చేతులు మారే తీరు గమనించండి. నూటికి రెండు వడ్డీకి లక్ష ఇచ్చేవాడు, తీసుకునేది బావమరిదైనా సరే, ప్రోనోటు రాయించుకుంటాడు. రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం దాని మీదుగా పడేలా చూసుకుంటాడు. రెండున్నరేళ్ళు దాటేసరికి ఫోను వస్తుంది: ‘‘ఏం లేదు బావా, ఆ కాగితం ఒకసారి తిరగరాద్దాం.’’ తిరగరాయడం కుదరకపోతే ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక చెల్లు వేయించి సంతకం తీసుకుంటాడు. మూడేళ్ళు నిండితే ఆ నోటుకి కాలదోషం పడుతుందనీ, చెల్లు పడితే గడువు మళ్ళీ మొదలవుతుందనీ 1963 నాటి లిమిటేషన్ చట్టం చెబుతుంది. ఆ చట్టం పేరు వినని రైతుకి కూడా దాని సారం వేళ్ళ మీద ఉంటుంది.

అంటే పనిచేస్తున్నది కాగితం, పేరు కొట్టేస్తున్నది పెంపకం. మర్యాదస్తుల మధ్య అప్పులు సక్రమంగా తీరాయని చూపించి, తీర్చింది మర్యాదే అంటున్నారు. పక్కనే ఉన్న నోటునీ, సాక్షి సంతకాన్నీ, మూడేళ్ళ గడువునీ లెక్కలోకి తీసుకోవడం లేదు. అవి తీసేసి, ఒట్టి పెంపకం మీద నడిచిన లావాదేవీలు చూపించమంటే ‘‘మా తాతల రోజుల్లో’’ అని మొదలుపెడతారు.

సరే, తాతల రోజులకే వెళదాం. పొన్నూరు రైల్వే స్టేషన్ పేరు ఇప్పటికీ నిడుబ్రోలే. ఆ నిడుబ్రోలులో 1900లో పుట్టిన ఎన్.జి. రంగా 1930లలో అక్కడే రైతాంగ విద్యాలయం నడిపారు. నాటి రైతు ఉద్యమం గొంతెత్తి అడిగిన వాటిలో అప్పుల నుంచి విముక్తి ఒకటి. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం చేసింది. 1932 అక్టోబరు 1కి ముందు తీసుకున్న అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. అసలుకి రెండింతలు అప్పటికే కట్టినవాడికి అప్పు మొత్తం రద్దయింది. అసలుకి రెట్టింపు కట్టి కూడా ఇంకా బాకీ ఉన్నవాళ్ళు, వాళ్ళ కోసం శాసనసభ చట్టం చేయాల్సినంత మంది ఉన్నారన్నమాట ఆ బంగారు రోజుల్లో. వాళ్ళకి అప్పిచ్చింది పరాయి దేశంవాళ్ళు కాదు. డెల్టాలో అప్పులిచ్చినవాళ్ళలో కోమట్లతో పాటు అదే ఊరి పెద్ద రైతులూ ఉన్నారు. ఒకే చెరువు నీళ్ళు తాగినవాళ్ళు, ఒకరినొకరు బాబాయనీ పెదనాన్ననీ పిలుచుకున్నవాళ్ళు.

2. ఐపీ కాగితంలో ఎవరి పేర్లుంటాయి?

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ‘‘ఫలానావాడు ఐపీ పెట్టాడు’’ అంటే వివరించి చెప్పనక్కర్లేదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద, నేను దివాలా తీశానని కోర్టులో పిటిషన్ వేయడం. పిటిషన్‌లో అప్పులవాళ్ళందరి పేర్లూ, ఎవరికెంత బాకీనో రాయాలి. తర్వాత ఒక్కొక్కరికీ నోటీసు వస్తుంది. ఆ జాబితా ఒకటి సంపాదించి చదవండి. బ్యాంకు ఒకటో రెండో ఉంటాయి. మిగతావన్నీ మేనమామ, తోడల్లుడు, పక్కింటి రిటైర్డు టీచరు, ఒకే బెంచీలో చదువుకున్న స్నేహితుడు, భర్త పోయాక వచ్చిన డబ్బు తెచ్చి ఇచ్చిన పిన్నిగారు. పెంపకం చూసి నమ్మినవాళ్ళే వరసగా అప్పులవాళ్ళయి కూర్చుంటారు. కొత్తవాడు, వేరే ఊరివాడు ఆ జాబితాలో అరుదు. ఎందుకంటే వాడు తనఖా అడిగాడు, లేదా ఇవ్వనే లేదు.

‘‘ఊళ్ళో తలెత్తుకోలేమన్న భయం’’ అన్న వాదం సరిగ్గా ఇక్కడే కూలుతుంది. ఆ భయం చిన్న బాకీకి పనిచేస్తుంది. ఊళ్ళో పరువు కంటే పెద్ద మొత్తం చేతిలో పడ్డ రోజున ఆ భయానికి ఒక ధర ఏర్పడుతుంది. ఆ తర్వాత మనిషి హైదరాబాదులో ఫ్లాటు తీసుకుంటాడు.

ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున నడిపితే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో చిక్కుకున్న డిపాజిటర్లు సుమారు 32 లక్షల మంది, ఈడీ లెక్క ప్రకారం మొత్తం 6,380 కోట్లు. అన్ని లక్షల మంది టీవీ ప్రకటన చూసి డబ్బు కట్టలేదు. ఊరి ఏజెంటు ఇంటికొచ్చి అడిగాడు కాబట్టి కట్టారు. ఆ ఏజెంటు మనవాడే, అందరికీ కావలసినవాడే, చాలా సందర్భాల్లో తన డబ్బూ అందులోనే పెట్టి మునిగిన అమాయకుడే. సొమ్ము సేకరించిన యంత్రానికి ఇంధనం స్థానిక మర్యాదే. ‘‘బాండు చూపించు, కంపెనీ ఏ చట్టం కింద డిపాజిట్లు తీసుకుంటోంది?’’ అని ఏజెంటుని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. వచ్చి కాఫీ తాగి కూర్చున్న మనిషిని అలా అడగడం ఎలా?

మెత్తని మాటకి ఖర్చు లేదు. ఖర్చు లేనిదాన్ని నిజాయితీపరుడూ వాడతాడు, మోసగాడూ వాడతాడు, మోసగాడికి దాని అవసరం ఇంకా ఎక్కువ. ఇద్దరి దగ్గరా ఒకేలా ఉండే గుర్తుతో ఇద్దర్నీ వేరుచేయడం కుదరదు. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు గురించి 2009 జనవరి 7కి ముందు ఎవర్నడిగినా నెమ్మది మనిషి, గొంతు పెంచి మాట్లాడడనే చెప్పేవారు. కార్పొరేట్ పాలనకి గోల్డెన్ పీకాక్ అవార్డు ఆ కంపెనీకి వచ్చింది 2008లో. ఆ జనవరి 7న రాసిన ఉత్తరంలో, లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లు పుస్తకాల్లో చూపించామని ఆయనే రాశారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది. ఆయన పెంపకంలో లోపం వెతకడం వృథా. లోపం బ్యాంకు నిల్వల్ని సరిచూడాల్సిన ఆడిటర్ల దగ్గరుంది. చూడమని గట్టిగా అడగని బోర్డు దగ్గరుంది.

3. ప్రాంతం సంగతి

దీనికి ఎక్కువ సిరా ఖర్చుపెట్టనక్కర్లేదు. తెనాలిలో బంగారం కుదువ పెట్టే ఇల్లాలు ఎవరి దగ్గరికి వెళుతోంది? మార్వాడీ కొట్టుకి. లేదంటే కేరళ నుంచి వచ్చిన ముత్తూట్, మణప్పురం శాఖలకి. వాళ్ళ ఇంట్లో ఏం వండుకుంటారో ఆమెకి తెలియదు, వాళ్ళ అమ్మానాన్నలు ఎలా పెంచారో తెలియదు, కొన్నిసార్లు భాష కూడా సగమే అర్థమవుతుంది. అయినా పుస్తెలతాడు తీసి ఇస్తుంది. ఆమె కళ్ళముందే తూకం వేశారు, గ్రాములు రాశారు, రశీదు ఇచ్చారు, డబ్బు కడితే వస్తువు వస్తుందని వీధిలో పదిమందికి అనుభవం. అదే తాడు ఆడపడుచుకి అవసరానికిచ్చినప్పుడు రశీదు ఉండదు. ఆ తాడు తిరిగి వచ్చిందా లేదా అనేది ఆ ఇంటికే వదిలేద్దాం.

ఇంకొకటి. తెనాలి మట్టిలోంచి వచ్చిన వ్యాపార విజయాల్లో ముందు చెప్పుకోవాల్సింది ‘చందమామ’ పత్రిక, విజయా సినిమా సంస్థ. వాటి వెనకున్న తెనాలి మనిషి చక్రపాణి గారి మాట ఎంత మెత్తగా ఉండేదో తెలిసినవాళ్ళనడిగితే నవ్వుతారు. నిర్మొహమాటానికి ఆయన మారుపేరు. కథ బాగాలేదంటే బాగాలేదనే. ఆయన భాగస్వామి నాగిరెడ్డి గారిది కడప జిల్లా. ఒకరిది కృష్ణా కాలువల ఊరు, ఇంకొకరిది రాయలసీమ. 1947 జులైలో ‘చందమామ’ మొదలైంది, 1950లో ‘షావుకారు’ వచ్చింది, తర్వాత ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’. 1975లో చక్రపాణి పోయేదాకా ఆ భాగస్వామ్యం చెడలేదు. ఒకే ప్రాంతం, ఒకే పెంపకం, తీయని మాట అనే మూడు షరతుల్లో ఒక్కటీ లేకుండానే తెలుగు వ్యాపార చరిత్రలో అంత గట్టి నమ్మకం నిలబడింది. అన్నట్టు, చక్రపాణి కథ రాసిన ఆ ‘షావుకారు’ సినిమా దేని గురించో గుర్తుందా? పక్కపక్క ఇళ్ళ స్నేహం డబ్బు తగాదాతో చెడిపోవడం గురించి.

4. ‘‘కోర్టులు నెమ్మది కదా’’

అవతలివాళ్ళ వాదంలో ఇదే గట్టి ముక్క. కోర్టులు నెమ్మదే. కానీ కోర్టు లేని చోట మిగిలేది పెంపకం ఒక్కటే అనుకోవడం తప్పు. ఆ రెంటికీ మధ్య చాలా ఉంది, మన జిల్లా చరిత్రే దానికి సాక్ష్యం.

పొగాకు తీసుకోండి. ఒకప్పుడు వర్జీనియా పొగాకు రైతుకి కొనేవాడు చెప్పిందే గ్రేడు, వాడు వేసిందే తూకం, వాడు ఇచ్చినప్పుడే డబ్బు. ఆ కొనుగోలుదారు రైతుని ‘‘అయ్యా, బాబూ’’ అనే పిలిచేవాడు. మర్యాదకి లోటు లేదు. 1976 జనవరి 1న పొగాకు బోర్డు ఏర్పడింది, కేంద్రం గుంటూరు. 1984లో కర్ణాటకలో, 1985లో ఆంధ్రప్రదేశ్‌లో వేలం మొదలైంది. బేలు అందరి ముందు తూగుతుంది, అందరి ముందు ధర పలుకుతుంది, డబ్బు బోర్డు ద్వారా వస్తుంది. రైతులు మారలేదు, వ్యాపారులూ మారలేదు, వాళ్ళ తల్లిదండ్రులు మళ్ళీ కొత్తగా పెంచిందీ లేదు. మారింది లావాదేవీ జరిగే పద్ధతి. వేలం కేంద్రంలో తగాదాలు లేవని అనను, ధర కోసం రైతులు రోడ్డెక్కిన సంవత్సరాలున్నాయి. కానీ ఆ తగాదా బహిరంగంగా జరుగుతుంది, అంకె అందరికీ కనిపిస్తుంది. గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడే రోజులతో దానికి పోలిక లేదు.

పాలు ఇంకా దగ్గరి ఉదాహరణ. పొన్నూరుకి కాస్త పైన, వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవారగానే క్యాను పట్టుకుని పాల కేంద్రానికి వెళ్ళే ఆడమనిషిని చూడండి. పాలు పోస్తుంది, వెన్న శాతం చూస్తుంది, అంకె తక్కువొస్తే అక్కడే ‘‘నిన్న ఇంత వచ్చింది, ఇవాళ ఇదేంటి?’’ అని నిలదీస్తుంది. ఆమె ప్రశ్నని ఎవరూ అమర్యాదగా తీసుకోరు, ఎందుకంటే మిషను మధ్యలో ఉంది. అదే ఆమె వడ్లు అమ్మినప్పుడు? కళ్ళం దగ్గరికి వచ్చిన దళారి ‘‘అక్కా, మీకు తెలియందేముంది’’ అంటూ తేమ పేరుతో బస్తాకి తరుగు తీస్తాడు. పక్కన తేమ మీటరు లేదు, చేత్తో గింజలు నలిపి చెప్పిన మాట ఉంది. ప్రభుత్వం కొనేచోట తేమ 17 శాతం అని అంకె ఉంది. కళ్ళంలో అంకె స్థానంలో వరస ఉంది. పాల దగ్గర నోరున్న మనిషే వడ్ల దగ్గర నోరు మూసుకుంటుంది. పెంపకం రెండుచోట్లా ఒకటే.

మర్యాద వల్ల నమ్మకం పెరుగుతుందని అవతలివాళ్ళంటున్నారు. చాలాచోట్ల మర్యాద వల్ల పెరిగేది అడగలేనితనం. బయటి నుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి: ఎవరూ ప్రశ్నించడం లేదు, అంతా సవ్యంగా ఉంది. తేడా బయటపడేది డబ్బు పోయాకే.

పరువు మీద నడిచే నమ్మకాన్ని గొప్పగా చెప్పేవాళ్ళు పదకొండో శతాబ్దపు మగ్రిబీ వర్తకుల పేరు ఎత్తుతుంటారు. మధ్యధరా సముద్రం పొడవునా ఒకరి సరుకు ఇంకొకరి చేతుల్లో పెట్టి వ్యాపారం చేసిన యూదులు. నిజమే, కానీ వాళ్ళ సంగతి మనకి తెలిసింది కైరోలో దొరికిన వాళ్ళ ఉత్తరాల వల్ల. ఎవరు ఎంతకి అమ్మారు, ఎవరు లెక్క సరిగా పంపలేదు, ఎవరితో ఇకమీదట వ్యవహారం వద్దు అని రాసుకున్నారు. వాళ్ళ నమ్మకం వెనకాలా ఉన్నది రాతకోతలే.

5. ఎవరి మర్యాద? ఎవరి నమ్మకం?

ఇంతవరకూ తర్కం. అసలు అభ్యంతరం ఇక్కడుంది. ‘‘మా ప్రాంతపు మర్యాద’’ అన్నప్పుడు ఆ ‘మా’లో ఎవరెవరున్నారు?

పొన్నూరు నుంచి తెనాలి వెళ్ళే దారిలోనే చుండూరు ఉంది. 1991 జులైలో అక్కడ సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న పైకులం మనిషికి తగిలింది. గొడవంతా మర్యాద గురించే. తర్వాత దళితుల్ని పొలం పనుల్లోకి రానివ్వకుండా వెలివేశారు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. వ్యాపారం గురించి రాస్తూ దీన్నెందుకు తెచ్చారని అడిగేవాళ్ళుంటారు. పని ఇవ్వకపోవడం, కూలి ఇవ్వకపోవడం, సరుకు అమ్మకపోవడం కంటే వ్యాపార విషయం ఏముంది? ఏ పెంపకమైతే ‘గారూ’ అనడం నేర్పిందో, ఎవర్ని గారూ అనకూడదో కూడా అదే నేర్పింది. అలాంటి మర్యాదని నమ్మకానికి పునాదిగా పెడితే, ఆ నమ్మకం లోపలివాళ్ళకే దక్కుతుంది. బయటివాడు ఎంత నిజాయితీగా ఉన్నా వాడికి అప్పు పుట్టదు, దుకాణం అద్దెకి దొరకదు, ‘‘వాళ్ళ పెంపకం ఎలాంటిదో’’ అన్న సందేహం వాడి వెంట వస్తుంది.

ఇదే కథ కౌలులో నెమ్మదిగా, రక్తం లేకుండా, ఏటా నడుస్తోంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో సాగు చేసేవాళ్ళలో కౌలు రైతులే ఎక్కువ. కౌలు నోటిమాట మీద నడుస్తుంది: ఎకరానికి ఇన్ని బస్తాలు, పంట పండినా ఎండినా. భూమి యజమాని హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు, సన్మాన సభలో పెంపకం గురించి మాట్లాడేది చాలాసార్లు ఆయనే. ‘‘మా మధ్య కాగితాలెందుకండీ, మా నాన్న రోజుల నుంచీ వాళ్ళే చేస్తున్నారు’’ అని గర్వంగా చెబుతాడు కూడా. కాగితం లేనందువల్ల ఆయనకి పోయేదేమీ లేదు. బస్తాలు వస్తాయి, పట్టాదారు పాసుపుస్తకం ఆయన పేరనే ఉంటుంది. పోయేదంతా కౌలుదారుకే. బ్యాంకు అప్పు దొరకదు, పంట మునిగితే పరిహారం రావాలంటే పేరు ఎక్కడా ఉండదు, నూటికి రెండుకో మూడుకో ప్రోనోటు రాసి పెట్టుబడి తెచ్చుకోవాలి. ఒకే మనిషి దగ్గర రెండు రకాల నమ్మకాలు చూడండి: తను ఇచ్చిన అప్పుకి రెవెన్యూ స్టాంపు కావాలి, తను ఇవ్వాల్సిన హక్కుకి మాత్రం మాట చాలు.

2011లో సాగుదారులకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. యజమానులు సహకరించలేదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది: పదకొండు నెలల ఒప్పందం, భూమి హక్కుకి ఏ భంగమూ రాదని చట్టంలోనే హామీ, కావలసిందల్లా యజమాని సంతకం. ఆ సంతకం దగ్గరే పని ఆగిపోతోంది. సంతకం పెట్టమని అడగడానికి కౌలుదారు జంకుతాడు, అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి పోతుంది. మర్యాదస్తుడు కాబట్టి అడగడు.

పిల్లలకి మర్యాద నేర్పొద్దని ఎవరూ అనడం లేదు. పెద్దల్ని గౌరవించడం, ఇంటికొచ్చినవాణ్ణి ఆదరించడం వాటి విలువ కోసమే మంచివి, వాటికి లాభనష్టాల సాకు అక్కర్లేదు. వాటిని తూకానికీ రశీదుకీ బదులు చెల్లించుకోవడమే అభ్యంతరం. మా పెంపకం వల్లే జనం మమ్మల్ని నమ్ముతున్నారని మైకు ముందు చెప్పే పెద్దలకి ఒక పరీక్ష తేలిగ్గానే ఉంది. రేపు సార్వా కౌలు మాట్లాడుకునే రోజున, కౌలుదారు నోరు తెరిచి అడక్కముందే, ఆ పదకొండు నెలల కాగితం మీద ముందు తమ సంతకం పెట్టి వాళ్ళ చేతికివ్వండి.